వైద్యుడు తీర్చవలసిన బాకీ

తమిళనాడులో కాపురముంటున్న మన తెలుగువాళ్లకు ఒక తమిళ సామెత తెలిసే ఉంటుంది. "ఆయిరం పేరై కొన్రవన్ అరై వైద్దియన్" అంటారు. వెయ్యిమందిని చంపినవాడు సగం వైద్యుడని దాని అర్థం. మన భాషలోనూ వెయ్యిమందిని చంపితేగాని వైద్యుడు కాడని ఎకసెక్కంగా అంటూ ఉంటాం. అయితే ఈ సామెత మొదట ఇలా లేదని చెప్పే తమిళులు ఉన్నారు. 'పేరై' అన్నచోట 'వేరై' అని ఉండేదట. అంటే వెయ్యి వేర్లను తవ్వి, నూరి, గుణం తెలుసుకున్నవాడు సగం వైద్యుడన్నమాట. వేరు అన్న మాట రెండు భాషల్లోనూ చెట్టు వేరుకు చెల్లుతుంది. పేరు అన్న మాటను మాత్రం తమిళంలో మనుషుల లెక్కకు కూడా వాడతారు. ఒక్క అక్షరం జారి వేర్లు కాస్తా మనుషులై కూర్చున్నాయి.

ఏది అసలు పాఠమో తేల్చడం భాషావేత్తల పని. నాకు మాత్రం రెండు పాఠాలూ కావాలనిపిస్తుంది. వైద్యుడు ఎలా నేర్చుకుంటాడు, ఆ నేర్పుకు ఖర్చు ఎవరు భరిస్తారు అన్న ప్రశ్న ఈ రెంటి మధ్యా ఉంది. తన చెమటతో వేర్లు తవ్వి నేర్చుకోవచ్చు. రోగుల ఒంటి మీద నేర్చుకోవచ్చు. ఇంకో సంగతి గమనించండి. ఏ పాఠం తీసుకున్నా అన్నీ అయ్యాక కూడా అతడు సగం వైద్యుడే. మిగిలిన సగం ఎక్కడుంది?

ఆ రెండో సగం గురించే ఈ వ్యాసం. పట్టా పుచ్చుకుని, పై చదువు చదివి, బోర్డు కట్టి కూర్చున్న డాక్టరు ఆ తర్వాత కూడా చదువుతూనే ఉండాలన్న నియమానికి నిరంతర వైద్య విద్య అని పేరు. డాక్టర్లు దాన్ని సి.ఎం.ఇ. అని మూడక్షరాల్లో ముగిస్తారు. ఇది వాళ్ల సొంత వ్యవహారం కదా, సాహిత్య పత్రికలో దీనికేం పని అని పాఠకులు అనుకోవచ్చు. నేనూ డాక్టర్ని కాను. మందుల చీటీ చేతపట్టుకుని వరుసలో కూర్చునే జాతివాణ్ణి. కాని ఇందులో ఒక ధర్మసందేహం ఉంది. తెలియక చేసినదానికి దోషం లేదని మన పెద్దలంటారు. తెలుసుకోవడమే వృత్తిగా పెట్టుకున్నవాడికి కూడా ఆ మాట చెల్లుతుందా? ఈ ప్రశ్నను కడుపు, కాలేయం, ఈ రెంటి వైద్యం ఆధారంగా ఆలోచిద్దాం. గత నలభై ఏళ్లలో పాఠ్యపుస్తకం తలకిందులైన వైద్యశాఖల్లో ఇదొకటి. పైగా కడుపుబాధ ఎరగని ఇల్లు లేదు.

కృష్ణగిరి పక్క మా మేనమామ ఉండేవారు. తాగుడు ఎరగరు. 2015 ప్రాంతంలో ఆయనకు కాలేయం గట్టిపడిపోయే జబ్బు, అదే సిరోసిస్, ఉందని తేలింది. ఒకసారి పగలు నిద్ర, రాత్రి మెలకువ అయి, మాట తడబడి, మనిషిని మనిషి పోల్చుకోలేని స్థితి వస్తే పెద్దాసుపత్రిలో చేర్చి బాగుచేయించి తెచ్చారు. ఆ తర్వాత చూసుకున్నది ఊళ్లో డాక్టరుగారు. ఆయన మంచితనానికి ఎవరూ వంకపెట్టలేరు. ఇచ్చినంత పుచ్చుకునేవారు, ఇవ్వకపోతే అడిగేవారు కాదు. అర్ధరాత్రి తలుపు తట్టినా టార్చిలైటు పట్టుకుని వచ్చేవారు. ఆయన చెప్పిన పథ్యం ఒకటే. పప్పు వద్దు, గుడ్డు వద్దు, పాలూ పెరుగూ తగ్గించండి, మాంసకృత్తులు మెదడుకు విషమవుతాయి. మా అత్త ఆ మాటను వేదంలా పాటించింది. గంజి, చారన్నం, మళ్లీ గంజి. "ఒక్క చెంచాడు పప్పు వెయ్యవే" అని మామ బతిమాలితే, "డాక్టరుగారు వద్దన్నారు గదండీ" అని కొంగుతో కళ్లు తుడుచుకునేది. ఏడాది తిరిగేసరికి భుజాల కండ కరిగిపోయి, కొయ్యకు తగిలించిన చొక్కాలాగా అయిపోయారాయన.

ఆ పథ్యం డాక్టరుగారు సొంతంగా కల్పించింది కాదు. ఆయన చదువుకున్న రోజుల్లో అదే పాఠం. మాంసకృత్తులు అరిగేటప్పుడు అమ్మోనియా పుడుతుంది. బాగున్న కాలేయం దాన్ని వడగడుతుంది. పాడైన కాలేయం వడగట్టలేదు కనుక అది మెదడుకెక్కి మత్తు కమ్ముతుంది. కాబట్టి మాంసకృత్తులు తగ్గించాలి. వినడానికి తర్కం చక్కగానే ఉంది. అయితే ఒంట్లోని కండ కూడా అమ్మోనియాను కొంత లాక్కుంటుందన్న సంగతి ఆ తర్కంలో లేదు. తిండి తగ్గిస్తే ఒళ్లు తన కండను తానే తినడం మొదలుపెడుతుంది. కండ పోయినకొద్దీ ఆసరా పోతుంది. 2004లో బార్సిలోనా వైద్యులు ఇలాంటి రోగుల్లో కొందరికి మాంసకృత్తులు తగ్గించి, కొందరికి మామూలుగా పెట్టి పోల్చి చూశారు. తగ్గించినందువల్ల మత్తు తొందరగా విడిపోలేదు. ఒంట్లోని మాంసకృత్తులు కరగడం మాత్రం ఎక్కువైంది. 2013లో అంతర్జాతీయ నిపుణుల బృందమొకటి ఇలాంటి రోగికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు అందాలని సిఫారసు చేసింది. అరవై కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములన్నమాట. అందులోనూ పప్పుధాన్యాలవీ, పాలూ పెరుగులవీ బాగా పడతాయనీ, రాత్రి పడుకోబోయే ముందు మరికాస్త ఏదైనా తినాలనీ కూడా చెప్పారు. మా అత్త ఏ పప్పుగిన్నెను కన్నీళ్లతో పక్కకు జరిపిందో ఆ గిన్నెలోనే మందు ఉందన్నమాట.

పప్పు మానడం వల్లే మామ పోయారని నేననను. సిరోసిస్ సామాన్యమైన జబ్బు కాదు. కాని ఆయన చివరి రెండేళ్లూ ఆకలితో బతికారు. ఆ ఆకలి అక్కరలేనిది.

ఇప్పుడు చెప్పండి, ఆ డాక్టరుగారిది తప్పా? ఆయన మనసులో కీడు లేదు, నిర్లక్ష్యం లేదు, డబ్బాశ లేదు. కాబట్టి తప్పు లేదని చెయ్యి కడుక్కోవడం తేలిక. కాని కాలాన్ని రెండుగా విడదీసి చూడాలి. 1985లో ఒక డాక్టరు ఇదే పథ్యం చెబితే ఆయనను ఎవరూ తప్పుపట్టలేరు. అప్పటికి అది లోకం అజ్ఞానం. లోకానికి తెలిసి, పుస్తకాలకెక్కి, పది పన్నెండేళ్లు గడిచాక కూడా అదే చెబితే అది ఆ మనిషి అజ్ఞానం. మొదటిదానికి దోషం లేదు. రెండోదాన్ని నేను దోషం అనడం కన్నా బాకీ అంటాను. దోషమంటే చేసినవాడి మనసును తూచాలి. బాకీకి మనసుతో పనిలేదు. మంచివాడు తీసుకున్నా బాకీ బాకీయే.

ఈ బాకీకి ఒక విచిత్ర లక్షణం కూడా ఉంది. కిరాణా కొట్టువాడికి మనం బాకీ పడితే వాడు అడుగుతాడు. బ్యాంకువాడు నోటీసు పంపుతాడు. డాక్టరు పడిన ఈ బాకీని అడిగేవాడే లేడు. తనకు రావలసినది ఉందన్న సంగతే రోగికి తెలియదు. మా అత్తకు బార్సిలోనా ఎక్కడ తెలుస్తుంది? అడిగే దిక్కులేని అప్పును గుర్తుపెట్టుకుని తీర్చడంలోనే ధర్మమన్న మాటకు అర్థముంది. చట్టం భయంతో తీర్చేది వేరు సంగతి.

చట్టం లేకపోలేదు. భారత వైద్య మండలి 2002లో చేసిన వృత్తిధర్మ నిబంధనల ప్రకారం ప్రతి డాక్టరూ అయిదేళ్లలో కనీసం 30 గంటలు ఇలాంటి విద్యాసభల్లో పాల్గొనాలి. ఆ మండలి స్థానంలో 2020లో జాతీయ వైద్య కమిషన్ వచ్చినా నిబంధనలు అవే నడుస్తున్నాయి. 2023 ఆగస్టు 2న కమిషన్ కొత్త నిబంధనలు ప్రకటించి, అదే నెల 23న వాటిని నిలిపివేసింది. అయిదేళ్లకు 30 గంటలంటే ఏడాదికి ఆరు గంటలు. ఒక సినిమా రెండుసార్లు చూసినంత సేపు. గంటల లెక్కతో చదువును కొలవడంలో ఉన్న చిక్కు బళ్లో పిల్లలకు కూడా తెలుసు. హాజరు పట్టీలో సంతకం పెట్టి వెనక బెంచీలో కునుకు తీసినవాడికీ, మొదటి వరుసలో కూర్చుని ప్రశ్నలడిగినవాడికీ సర్టిఫికెట్టు ఒకటే.

మన ప్రాచీనులు ఈ విషయంలో కొంచెం ముందే ఉన్నారు. చరకసంహిత విమానస్థానం ఎనిమిదో అధ్యాయంలో తద్విద్యసంభాష అన్న సంగతి ఉంది. ఒకే విద్య చదివినవాళ్లు కూర్చుని చర్చించుకోవడమన్నమాట. స్నేహంగా మాట్లాడుకునే సభ ఒకటి, పంతంగా వాదించుకునే సభ ఒకటి అని రెండు రకాలు కూడా చెప్పారు. అక్కడ గంటల లెక్క లేదు. నీకు తెలిసినదాన్ని ఎదుటివాడి ముందు పెట్టు, అది నిలుస్తుందో లేదో చూసుకో అన్నదే అందులోని సారం.

నిలుస్తుందో లేదో చూసుకోవడం ఎంత కష్టమో కడుపులో పుండు కథ చెబుతుంది. పేగు పుండ్లు దక్షిణాదిన వరి తినే ప్రాంతాల్లో ఎక్కువని మైసూరులోని హోల్డ్స్‌వర్త్ ఆసుపత్రిలో పనిచేసిన ఫ్రాంక్ టోవే అనే శస్త్రవైద్యుడు గమనించి, దానిమీద చాలాకాలం పరిశోధించాడు. ఆ తరంలో ఎందరో కడుపు కోయించుకున్నారు. కారం వల్ల, దిగులు వల్ల, వేళకు తినకపోవడం వల్ల ఆమ్లం ఎక్కువై పుండు పడుతుందన్నది అప్పటి పాఠం. 1970ల చివర్లో ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు వచ్చాయి. వేసుకున్నంతకాలం బాగుండేది, మానితే మళ్లీ వచ్చేది. 1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే డాక్టరు సూక్ష్మదర్శినిలో కడుపు పొర మీద మెలికలు తిరిగిన క్రిములను చూశాడు. కడుపులో అంత ఆమ్లంలో క్రిమి బతకదని అందరూ నమ్ముతున్న కాలం అది. బారీ మార్షల్ అనే యువ డాక్టరు ఆయనతో చేరాడు. ఎవరూ నమ్మకపోతే 1984లో ఆ క్రిములను తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. కడుపు పుండుకు చాలావరకు ఆ క్రిమి కారణమనీ, వారం రెండు వారాల యాంటీబయాటిక్ మందులతో మళ్లీ రాకుండా నయమవుతుందనీ తేలింది.

తేలింది సరే, డాక్టర్లు ఒప్పుకోవడానికి ఎంతకాలం పట్టింది? అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు నిపుణులను కూర్చోబెట్టి, అవును, ఈ క్రిమి ఉన్న పుండుకు యాంటీబయాటిక్ ఇవ్వాలని చెప్పించింది 1994లో. అప్పటికీ చాలామంది పాత పద్ధతినే పట్టుకుని ఉంటే, 1997లో అక్కడి రోగనియంత్రణ సంస్థ డాక్టర్లకూ ప్రజలకూ కలిపి ప్రచారం మొదలుపెట్టవలసి వచ్చింది. వారెన్, మార్షల్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. వాళ్లకన్నా ఎంతో ముందే, 1958 నుంచీ, గ్రీసు దేశంలో జాన్ లికూడిస్ అనే డాక్టరు కడుపు పుండుకు యాంటీబయాటిక్ మందులిస్తూ వచ్చాడు. ఆయనకు దక్కింది 1968లో జరిమానా.

ఇక్కడ తొందరపడి లికూడిస్‌ను వీరుణ్ణీ, జరిమానా వేసినవాళ్లను మూర్ఖులనూ చేయకూడదు. తన మందును పక్కాగా పోల్చి చూపించిన పరీక్ష ఆయన దగ్గర లేదు. రుజువు అడగడం తప్పు కాదు. రుజువు వచ్చాక కూడా కదలకపోవడం తప్పు. కొత్తదాన్ని చేర్చుకోవడం కన్నా పాతదాన్ని వదులుకోవడమే కష్టమైన పని అని ఈ కథలో నాకు కనిపిస్తుంది. ఇరవై ఏళ్లు ఒక వైద్యం చేసిన డాక్టరు అది సరికాదని ఒప్పుకుంటే, ఆ ఇరవై ఏళ్ల రోగులూ ఒక్కసారిగా వచ్చి గుమ్మంలో నిలబడతారు. ఆ వరుసను చూడలేక చాలామంది కొత్త పుస్తకం తెరవరు. సోమరితనం అనుకున్నది కొన్నిసార్లు భయం.

మరోవైపు డాక్టర్ల మాట కూడా వినాలి. కొత్తగా వచ్చిందల్లా నిజమా అని వాళ్లడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నేలఉసిరి సంగతి చూడండి. తమిళులు కీళానెల్లి అంటారు, కన్నడిగులు నెలనెల్లి అంటారు. కామెర్లు వస్తే దీన్ని నూరి మజ్జిగలో ఇవ్వడం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్-బి క్రిమి ఒంట్లో నిలిచిపోయినవాళ్లకు నేలఉసిరి పొడి ఇచ్చి, ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. మందు పుచ్చుకున్నవాళ్లలో నూటికి 59 మందిలో క్రిమి జాడ పోయిందనీ, ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లలో నూటికి నలుగురిలోనే పోయిందనీ రాశారు. లోకమంతా ఇటు తిరిగి చూసింది. తర్వాత థాయ్‌లాండ్‌లో, న్యూజీలాండ్‌లో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. 1988లో ఆగిపోయిన డాక్టరు నేలఉసిరిని నేటికీ దివ్యౌషధమని నమ్ముతాడు. 1987లో ఆగిపోయినవాడు ఆ మాటే వినలేదు. తర్వాతి మాట కూడా విన్నవాడికే అసలు సంగతి తెలుసు. చదువు నిరంతరం అనడంలో ఆ నిరంతరమన్న మాటకు ఇదే అర్థం. ఒక వార్త విని ఊరుకుంటే సగం చదువు, దాని తర్వాతి వార్త కోసం కాచుకోవడం రెండో సగం.

పాతదంతా పారేయమని కాదు. హోసూరు, మదురై వైపు మన తెలుగులో ఆంధ్రదేశం మరిచిపోయిన పాత మాటలు ఇంకా బతికి ఉన్నాయి. అవి పాతబడ్డాయని ఎవరం పారేయం. వైద్యంలోనూ అంతే. పొట్ట మీద చెయ్యి వేసి చూడడం, నాలుక చూడడం, కళ్ల పచ్చదనం పగటి వెలుతురులో చూడడం, ఇవి ఏ యంత్రం వచ్చినా నిలిచే విద్యలు. మళ్లీ మళ్లీ పరీక్షకు పెట్టినప్పుడే ఏది నిలిచేదో ఏది పోయేదో తెలుస్తుంది.

తెలియకపోవడం ఒక్కోసారి తీర్పు అయి కూర్చుంటుంది. హెపటైటిస్-సి క్రిమిని 1989లో గుర్తించారు. అందుకు కారకులైన హార్వే ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ వచ్చింది. చాలాకాలం దానికి వైద్యమంటే నెలల తరబడి ఇంటర్‌ఫెరాన్ సూదులే. జ్వరం, నీరసం, దిగులు, అన్నీ భరించినా చాలామందికి నయమయ్యేది కాదు. 2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్‌బువిర్ అనే మాత్రకు అనుమతి వచ్చింది. అక్కడ ఒక్క మాత్ర ధర వెయ్యి డాలర్లు, పన్నెండు వారాల వైద్యానికి 84,000 డాలర్లు. 2014లో దాన్ని చౌకగా తయారుచేయడానికి లైసెన్సు పొందిన ఏడు కంపెనీల్లో మన హైదరాబాదు హెటెరో ఒకటి. 2015లో నాట్కో కూడా చేరింది. ఇలాంటి మాత్రలు కలిపి వాడితే మూడు నెలల్లో నూటికి తొంభై అయిదుమందికి పైగా నయమవుతుంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వమే ఈ మందులను ఉచితంగా ఇస్తోంది.

ఇప్పుడు ఒక చిన్న ఊళ్లో, ఈ సంగతి చెవిన పడని డాక్టరు దగ్గరకు ఒక రైతు రక్తపరీక్ష కాగితం పట్టుకుని వెళ్లాడనుకోండి. "దీనికి మందు లేదయ్యా, ఉన్నా లక్షలవుతుంది, ఉన్నన్నాళ్లు జాగ్రత్తగా ఉండు" అని డాక్టరు జాలిగా చెబుతాడు. ఆ జాలి నిజమైనదే. కాని ఆ మాటతో ఆ రైతు ఇంటికెళ్లి కూతురి పెళ్లి తొందరపెడతాడు, పొలం అమ్మకానికి పెడతాడు, పదేళ్లలో కాలేయం గట్టిపడి పోతాడు. హైదరాబాదులో తయారైన మాత్ర జిల్లా ఆసుపత్రి బీరువాలో ఉచితంగా ఉండగానే ఇదంతా జరుగుతుంది. న్యాయస్థానంలో మరణశిక్ష వేస్తే పై కోర్టు ఉంది. ఈ రైతుకు పై కోర్టు ఉందని చెప్పవలసింది కూడా ఆ డాక్టరే.

సరే, డాక్టరు చదవాలి. చదివించేది ఎవరు? ఇక్కడ రెండో ధర్మసందేహం పుడుతుంది. చిన్న ఊళ్లో రోజుకు నూరుమందిని చూసే డాక్టరుకు కొత్త సంగతి తరచుగా ఎవరి నోట తెలుస్తుందంటే, సంచీ పట్టుకుని వచ్చే మెడికల్ రెప్ నోట. పట్నంలో హోటలు హాలులో సభ పెట్టి, పెద్ద నిపుణుణ్ణి పిలిపించి, భోజనం పెట్టేది చాలాసార్లు మందుల కంపెనీయే. 2009 డిసెంబరులో వైద్య మండలి కంపెనీల నుంచి బహుమతులూ ప్రయాణ ఖర్చులూ తీసుకోరాదని డాక్టర్లను కట్టడి చేసింది. డాక్టర్లకిచ్చే ఇలాంటి తాయిలాలను కంపెనీలు వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవడం కుదరదని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2024 మార్చిలో కేంద్రం తెచ్చిన మార్కెటింగ్ నియమావళి కంపెనీలు విదేశాల్లో ఇలాంటి సభలు పెట్టడాన్ని నిషేధించింది. స్వదేశంలో షరతుల మీద అనుమతించింది.

కంపెనీ సొమ్ముతో జరిగే సభలో చెప్పేదంతా అబద్ధమని నేననుకోను. అక్కడ చెప్పేదానికన్నా చెప్పకుండా వదిలేసేదాని మీదే నా అనుమానం. రాత్రి పడుకునే ముందు పిడికెడు వేయించిన శెనగలు తినమని చెప్పడానికి ఏ కంపెనీ సభ పెడుతుంది? అక్కరలేని మాత్ర మానిపించమని చెప్పడానికి ఎవరు భోజనం పెడతారు? కడుపుకీ కాలేయానికీ కావలసిన పాఠాల్లో సగం అమ్ముకోవడానికి పనికిరానివి. అందుకే వాటికి గురువు దొరకడు. కాబట్టి ఆ పాఠాల ఖర్చు ప్రభుత్వమూ, వైద్య కళాశాలలూ, డాక్టర్ల సొంత సంఘాలూ, చివరికి డాక్టరు సొంత జేబూ భరించాలి. గుమాస్తా తన కలాన్ని తాను కొనుక్కున్నట్టు, వడ్రంగి తన బాడిసెను తాను సానబెట్టుకున్నట్టు.

డబ్బు అక్కరలేని గురువు ఒకరున్నారు. ఎదురుగా కూర్చున్న రోగి. 2021లో ముంబాయి కాలేయ నిపుణులు కొందరు ఆరుగురు రోగుల కథ ప్రకటించారు. కోవిడ్ రోజుల్లో బలం వస్తుందని తిప్పతీగ కషాయం రోజూ తాగి, కాలేయం దెబ్బతిని వచ్చినవాళ్లు. ఆయుష్ మంత్రిత్వశాఖ ఆ వాదనను ఒప్పుకోలేదు. ఆ చర్చ అలా ఉండనీయండి. నాకు ముఖ్యమనిపించేది ఇది: ఇంట్లో ఏమేం తాగుతున్నారమ్మా అని ఓపికగా అడిగితేనే ఈ సంగతి బయటికొస్తుంది. పైగా మనం ఇంకో భాష రాజ్యంలో బతికేవాళ్లం. బళ్లారిలో, బరంపురంలో, షోలాపురంలో తెలుగు ముసలమ్మ డాక్టరు ముందు కూర్చుంటే, తనకొచ్చిన నాలుగు పరభాషా ముక్కల్లో "గ్యాస్" అని ఊరుకుంటుంది. పుల్లటి తేన్పులు, బొడ్డు చుట్టూ మెలిపెట్టడం, ఆకలి మందగించడం, మూడు రోజులుగా తారులాగా నల్లటి విరేచనం, అన్నీ ఆ ఒక్క మాటలో మూటకట్టేస్తుంది. నల్లటి విరేచనమంటే లోపల రక్తం కారుతుండవచ్చు. ఆ మూట విప్పడానికి నాలుగు తెలుగు మాటలు నేర్చుకున్న కన్నడ డాక్టరో, ఒడియా డాక్టరో ఉంటే, ఆయన నేర్చుకున్నది ఏ సర్టిఫికెట్టులోనూ ఎక్కదు. నా లెక్కలో అదీ నిరంతర వైద్య విద్యే.

చివరిగా మన వైపు కూడా ఒకసారి చూసుకోవాలి. డాక్టరు "నాకు తెలియదు, పుస్తకం చూసి రేపు చెబుతాను" అన్నాడనుకోండి. మనం ఏం చేస్తాం? బయటికొచ్చి, "ఈయనకేమీ రాదురా, పద పక్క వీధికి" అంటాం. తడుముకోకుండా అయిదు మాత్రలు రాసిచ్చేవాడి దగ్గర వరుస కడతాం. మందు తగ్గించిన డాక్టరుకు ఫీజు ఎందుకిచ్చామా అని గొణుక్కుంటాం. తెలిసినట్టు నటించడం నేర్పిందీ, తెలియదని చెప్పడం ప్రమాదమని నేర్పిందీ చాలావరకు మనమే. బాకీ డాక్టరుదే అయినా, అది తీర్చే దారికి అడ్డంగా మనం కూర్చున్నాం.

కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు గౌరవంగానే ఒక మాట అడగండి: "అయ్యా, ఈ జబ్బుకు పథ్యంలోగాని మందులోగాని ఈ మధ్య ఏమన్నా మారిందా?" కోపం తెచ్చుకునే డాక్టర్లు కొందరుంటారు. కొందరు నవ్వి వెంటనే చెబుతారు. కొందరు ఒక్క క్షణం ఆగి, చూసి చెబుతాను, రేపు రండి అంటారు. ఆ మూడోవారి దగ్గరకు మర్నాడు తప్పకుండా వెళ్లండి. ఫీజు అడగకపోయినా ఇచ్చి రండి.